మీటరు పాతింట్లో, ఏసీ కొత్తింట్లో: మధ్యలో ఏ కేబుల్?

ప్రశ్న: అన్నా, మాది గడ్చిరోలి జిల్లా సిరోంచ తాలూకాలో అంకీస దగ్గర ఒక పల్లె. పాత పెంకుటింటి వెనక, పెరడు దాటాక రెండు గదుల స్లాబ్ ఇల్లు కట్టుకున్నాం. మీటరు పాతింటి వరండాలోనే ఉంది. అక్కడి నుంచి కొత్తింటికి మామయ్య టేపు పట్టి కొలిస్తే 40 మీటర్లు వచ్చింది. ఇప్పుడున్నది 4 ఎంఎం అల్యూమినియం వైరు, గుంజలకు కట్టి తెచ్చారు. మొన్న ఉగాదికి ఒకటిన్నర టన్ను ఏసీ పెట్టించాం. సాయంత్రం బోరు మోటారు వేస్తే లైట్లు డిమ్ అవుతాయి, ఏసీ ఆగిపోతుంది, మీటరు దగ్గరున్న 20 ఆంపియర్ల ఎంసీబీ పడిపోతుంది. మోటారు 1 హెచ్‌పీ. బోరు పాతింటి పక్కనే ఉంది కానీ, స్విచ్ నాకు అందుబాటులో ఉండాలని కొత్తింటి వంటగదిలో పెట్టించుకున్నాం. 6 ఎంఎం కాపర్ లాగి 63 ఆంపియర్ల ఎంసీబీ పెడితే పీడ పోతుందని మా ఊరి వైర్‌మన్ అంటాడు. 10 ఎంఎం అల్యూమినియం చాలంటాడు షాపాయన. 16 కంటే తక్కువ వేస్తే డబ్బులు దండగ అని హైదరాబాద్‌లో ఉండే మా మరిది. వచ్చే ఏడాది అత్తమ్మ గదికి ఇంకో ఏసీ కావాలి. బిల్లు మీద లోడ్ 1 కిలోవాట్ అని ఉంది. ఎర్తింగ్ పాతింటికే ఉంది. ఎవరి మాట వినాలి? తీసేసిన పాత వైరు పశువుల కొట్టానికి వాడుకోవచ్చా?

సమాధానం: చెల్లెమ్మా, కేబుల్ సంగతి నెమ్మదిగా మాట్లాడుకుందాం. ముందు ఆ 63 ఆంపియర్ల ఎంసీబీని మాత్రం పెట్టనివ్వకండి. ఎంత చెప్పినా, ఎవరు చెప్పినా వద్దు.

ఎంసీబీ పని వైరును కాపాడడం. ఏసీనో ఫ్రిజ్‌నో కాపాడడానికి పెట్టేది కాదు. వైరు భరించగలిగేదాని కంటే ఎక్కువ కరెంటు పోతుంటే, అది కాలకముందే లైను తెంపేయాలి. అందుకే ఎంసీబీ నంబరు ఎప్పుడూ వైరు భరించే కరెంటు కంటే తక్కువగానో, మహా అయితే సమానంగానో ఉండాలి. 6 ఎంఎం కాపర్ వైరును పైపులో వేస్తే దాదాపు 31 ఆంపియర్లు మోస్తుంది. దానికి 63 పెట్టారనుకోండి. ఎంసీబీలకు ఒక ప్రమాణం ఉంది: తన నంబరుకు 1.13 రెట్ల వరకు కరెంటు గంటసేపు పోయినా అది పడకూడదు. అంటే 71 ఆంపియర్లు గంటసేపు పారినా ఆ 63 ఎంసీబీ కదలదు. అది తన పని తాను సరిగ్గా చేస్తున్నట్టే లెక్క. ఈలోగా వైరు మాత్రం గోడలోనే ఉడికిపోతుంది.

ఈ తప్పు నేను చేశాను కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను. నాకు ఇరవై ఆరేళ్లప్పుడు, బల్లార్షాలో, మా పెద్దమ్మ వాళ్లింట్లో గీజరు వేసినప్పుడల్లా ఎంసీబీ పడిపోతోందని పిలిచారు. 2.5 వైరు మీద 16 ఎంసీబీ ఉంది. ఆ లైను మీదే గీజరు, ఇస్త్రీపెట్టె, నీళ్ల హీటరు మూడూ నడుస్తున్నాయి. వేరే లైను లాగడానికి బద్ధకించి, జేబులో ఉన్న 32 ఎంసీబీ బిగించి వచ్చేశాను. రెండు నెలలు అందరూ నన్ను మెచ్చుకున్నారు. మూడో నెలలో ఒక పొద్దున పెద్దమ్మ ఫోను: వంటింట్లో చేపలు మాడిన వాసన వస్తోంది, ఇంట్లో చేపలే లేవు. వెళ్లి స్విచ్‌బోర్డు విప్పాను. సాకెట్ వెనక వైరు తొడుగు ఎండుమిరపకాయ తొక్కలా ముడుచుకుపోయి, వేలితో ముట్టుకుంటే పొడిపొడిగా రాలింది. లోపలి రాగి నల్లబడి ఉంది. ఫేజు తీగకూ న్యూట్రల్ తీగకూ మధ్య మిగిలింది ఒక అగ్గిపుల్ల మందం. ఆ బోర్డు ఉన్నది చెక్క అల్మారా పక్కన. ఆ రోజు నుంచి ఎంసీబీ పడిపోతోందని ఎవరు పిలిచినా, నేను ముందు చూసేది దాని వెనకున్న వైరునే.

ఇక మీ లైను విషయానికి వద్దాం. మీ ముగ్గురు సలహాదారులూ మూడు రకాలుగా ఎందుకు చెప్పారో కూడా ఇందులోనే తెలుస్తుంది.

కేబుల్ సైజును రెండు విషయాలు తేలుస్తాయి. ఒకటి వేడి, రెండోది దూరం. వైర్‌మన్లు ఎక్కువమంది మొదటిదే చూస్తారు, ఎందుకంటే ఊళ్లో ఇళ్లన్నీ స్తంభానికి దగ్గరే ఉంటాయి, మీటరు నుంచి బోర్డుకు ఐదారు మీటర్లు దాటదు. మీ ఇంటికి మాత్రం 40 మీటర్లు. అక్కడ దూరమే అసలు సంగతి. మిరప తోటలో పైపు సన్నదై, పొడవైందంటే చివరి సాలుకు నీళ్లు ఎంత నీరసంగా వస్తాయో మీకు నేను చెప్పక్కర్లేదు. కరెంటుకూ అంతే: సన్నటి తీగలో ఎక్కువ దూరం పోయేకొద్దీ వోల్టేజి దారిలోనే తగ్గిపోతుంది.

ఎంత తగ్గుతుందో లెక్క కట్టొచ్చు. ఒక ఆంపియర్ కరెంటు, ఒక మీటరు దూరానికి పోయి రావడానికి, వేడెక్కిన 4 ఎంఎం అల్యూమినియం జంట వైరులో దాదాపు 18 మిల్లీవోల్టులు పోతాయి. మీ ఇంట్లో ఏసీ, ఫ్రిజ్, ఫ్యాన్లు, లైట్లు, మోటారు నడుస్తుంటే 20 ఆంపియర్లు సులభంగా అవుతుంది. 18ని 20తో, 40తో హెచ్చిస్తే 14,400 మిల్లీవోల్టులు, అంటే 14 వోల్టుల పైన. ఇది మామూలుగా నడుస్తున్నప్పటి మాట. 1 హెచ్‌పీ మోటారు నడిచేటప్పుడు 7 ఆంపియర్లు తీసుకున్నా, స్విచ్ వేసిన క్షణంలో దానికి ఐదు రెట్లు, 35 ఆంపియర్ల దాకా లాగుతుంది. ఆ క్షణంలో దారిలో పోయేది ఇంకో 20, 25 వోల్టులు. మీటరు దగ్గర 215 ఉంటే మీ వంటగదిలో 180కి అటూ ఇటూ మాత్రమే మిగులుతుంది. లైట్లు డిమ్ అవడానికి, ఏసీ తనంతట తాను ఆగిపోవడానికి కారణం అదే. మోటారుకు కూడా అది మంచిది కాదు. వోల్టేజి తక్కువైనప్పుడు అది తిరగడానికి ఇంకా ఎక్కువ కరెంటు లాగుతుంది, వైండింగ్ వేడెక్కుతుంది. మీ ఎంసీబీ పడిపోయేది కూడా ఆ గొడవలోనే.

దీనికి తోడు మన ఎండలు. కేబుల్ మోసే కరెంటుకు పుస్తకాల్లో ఉండే అంకెలు చుట్టూ 40 డిగ్రీల వేడి ఉందనుకుని వేసినవి. 4 ఎంఎం జంట అల్యూమినియం కేబుల్ గాలిలో 27 ఆంపియర్లు మోస్తుందని ఆ లెక్క. చంద్రపూర్, బ్రహ్మపురి పేర్లు మే నెలలో దేశంలోకెల్లా వేడి ఊళ్ల జాబితాలో తరచూ కనిపించేవే, సిరోంచలో వేడి ఎలా ఉంటుందో మీరు ఏటా చూస్తున్నదే. గుంజల మీద, నెత్తిన ఎండలో ఉన్న వైరు చుట్టూ 50 డిగ్రీలు అనుకుంటే ఆ 27లో ఐదో వంతు తీసేయాలి, 22 మిగులుతుంది. అంటే మీ పాత వైరు ఇప్పటికే ఒడ్డు మీద నిలబడి ఉంది. ఇంకో ఏసీ పెడితే తట్టుకోలేదు.

ఇప్పుడు కావలసిన సైజు. రెండు ఏసీలూ, ఫ్రిజ్, మిక్సీ, ఇస్త్రీపెట్టె, లైట్లు, ఫ్యాన్లు లెక్కేద్దాం. ఒకటిన్నర టన్ను ఏసీ ఒక్కోటి గట్టిగా నడిచేటప్పుడు 7 నుంచి 8 ఆంపియర్లు తీసుకుంటుంది. 1000 వాట్ల ఇస్త్రీపెట్టెకు నాలుగున్నర. మిక్సీకి మూడు, నాలుగు. మిగతావన్నీ కలిపి నాలుగు. చలికాలంలో గీజరు వేసినా అప్పుడు ఏసీలు ఉండవు. అన్నీ ఒకే నిమిషంలో నడవవు కానీ, వేసవి సాయంత్రం 28 ఆంపియర్ల దాకా పోవడానికి వీలుంది. కాబట్టి 32 ఆంపియర్లకు లైను సిద్ధం చేసుకుందాం.

ఆ లెక్కలో మోటారు లేదని గమనించారా? కావాలనే తీసేశాను. బోరు పాతింటి పక్కన, మీటరు కూడా పాతింట్లో. కానీ స్విచ్ మీ వంటగదిలో ఉండడం వల్ల కరెంటు 40 మీటర్లు మీ దగ్గరికి వచ్చి, మళ్లీ 40 మీటర్లు వెనక్కి పోతోంది. మోటారుకు మీటరు దగ్గర నుంచే వేరే లైను, వేరే ఎంసీబీ పెట్టించండి. స్టార్టర్ కూడా పాతింటి వరండాలోనే ఉండాలి. కేబుల్ మీద మీరు పెట్టే డబ్బు కంటే ఈ ఒక్క మార్పు ఎక్కువ పని చేస్తుంది, ఖర్చేమో బోరు దాకా పదో పదిహేనో మీటర్ల 2.5 కాపర్ వైరు. మోటారు వేయడానికి ప్రతిసారీ పెరడు దాటి వెళ్లడం కష్టమే, నాకు తెలుసు. అలా వెళ్లలేని పరిస్థితి ఉంటే, వంటగదిలో చిన్న పుష్‌బటన్ పెట్టి, వరండాలో కాంటాక్టర్ (బటన్ నొక్కితే దూరం నుంచే పడే పెద్ద స్విచ్) ఉన్న స్టార్టర్ పెట్టించుకోవచ్చు. బటన్ దాకా వచ్చేది సన్నటి కంట్రోల్ వైరే. మోటారు కరెంటు మీ ఇంటి వైపు రాదు.

ఇప్పుడు ముగ్గురి సలహాలూ 32 ఆంపియర్లకు, 40 మీటర్లకు పెట్టి చూద్దాం. మీ వైర్‌మన్ చెప్పిన 6 కాపర్‌లో దాదాపు 9 వోల్టులు పోతాయి. షాపాయన 10 అల్యూమినియంలోనూ అంతే, 9న్నర. రెండూ ఒకటే అని చూడండి, కాపర్ ఖరీదు మాత్రం వేరు. మరిది గారి 16 అల్యూమినియంలో పోయేది 6 వోల్టుల లోపు. 10 కాపర్ వేసినా సుమారు అంతే పోతుంది. మన వైరింగ్ ప్రమాణం ప్రకారం లైట్లకు 3 శాతం, మిగతా వాటికి 5 శాతం దాటకూడదు. 230లో 3 శాతం అంటే దాదాపు 7 వోల్టులు. ఇంటి లోపలి వైరింగ్‌లో కూడా ఒకటి రెండు వోల్టులు పోతాయి కదా. మొదటి రెండూ లైట్ల హద్దు దాటిపోయాయి. 16 అల్యూమినియం మాత్రం హద్దు దగ్గరే ఆగుతుంది.

నా మాట కూడా మీ మరిది మాటే: 16 ఎంఎం అల్యూమినియం, రెండు కోర్ల ఆర్మర్డ్ కేబుల్, అంటే లోపల రెండు తీగలు, పైన ఉక్కు తీగల కవచం ఉన్నది. కాపర్ అయితే 10. రెండూ చేసే పని ఒకటే కాబట్టి, నేనైతే ఈ దూరానికి అల్యూమినియమే వేస్తాను, మిగిలిన డబ్బు ఎర్తింగ్‌కు పెడతాను. 10 అల్యూమినియం తప్పు అనను. ఒక్క ఏసీతో, మోటారు తీసేశాక అది కూడా నడుస్తుంది. కానీ కందకం తవ్వే కూలీ, ఇసుక, ఇటుక, మనుషుల పని రెండింటికీ ఒకటే. రెండేళ్ల తర్వాత మళ్లీ తవ్వాలంటే ఎంత విసుగు! పైగా సన్నటి లైనులో పోయిన వోల్టేజి ఊరికే పోదు, వేడిగా మారి మీ బిల్లులోకే వస్తుంది. 20 ఆంపియర్ల మీద మీ పాత వైరు 280 వాట్ల పైగా తింటోంది, 16 అయితే 70 వాట్ల చుట్టూ. రోజుకు ఐదు గంటలు అలా నడిచిందంటే, దాదాపు ఒక యూనిట్ తేడా.

షాపులో 16 ఎంఎం అని అడిగితే ఇస్తారు కానీ, అది తీగ మందం అనుకోకండి. అది తీగను అడ్డంగా కోస్తే కనిపించే ముఖం వైశాల్యం, చదరపు మిల్లీమీటర్లలో. మందం నాలుగున్నర మిల్లీమీటర్లే ఉంటుంది. పాత వైర్‌మన్లు ఇప్పటికీ మూడు-ఇరవై రెండు, ఏడు-ఇరవై అని గేజీ లెక్కలో మాట్లాడతారు. ఏడు-ఇరవై అంటే ఇప్పటి 4కు దగ్గర. ఎవరైనా అలా చెబితే చదరపు మిల్లీమీటర్లలో ఎంతో అడిగి, బిల్లు మీద రాయించుకోండి.

మీటరు వైపు, అంటే కేబుల్ మొదలయ్యే చోట, ఫేజునూ న్యూట్రల్‌నూ రెండింటినీ తెంపే 32 ఆంపియర్ల డబుల్ పోల్ ఎంసీబీ ఉండాలి. కొత్తింట్లో పెడితే చాలదు. కేబుల్ మధ్యలో గునపం దిగితే, కొత్తింట్లోని ఎంసీబీకి ఆ సంగతే తెలియదు. కొత్తింటి బోర్డులో 40 ఆంపియర్లు మోసే, 30 మిల్లీఆంపియర్లు లీకైతే పడిపోయే ఆర్‌సీసీబీ పెట్టించండి. ఎవరికైనా షాక్ కొడితే లైను తెంపేది ఇదే, ఎంసీబీ కాదు. చాలామంది దీన్ని దండగ ఖర్చు అనుకుంటారు. తడి చేతులతో వాషింగ్ మెషిన్ ముట్టుకునే ఇంట్లో ఇది లేకుండా ఉండడం నాకు భయం.

కేబుల్‌ను గుంజలకు కట్టకుండా నేలలో వేయండి. ముప్పావు మీటరు లోతు, అడుగున ఇసుక, పైన మళ్లీ ఇసుక, దాని మీద ఇటుకలు వరసగా. రేపు ఎవరైనా పెరట్లో తవ్వితే ముందు ఇటుక తగులుతుంది. నేలలో వేడి కూడా తక్కువ, కేబుల్‌కు సుఖం. గేదెలు తిరిగే చోట, బండి పోయే చోట జీఐ పైపు తొడగండి. కేబుల్ పైనున్న ఉక్కు తీగల కవచాన్ని మీటరు దగ్గర గ్లాండుతో (కేబుల్‌ను పెట్టెకు పట్టి ఉంచే లోహపు బిగింపు) బిగించి ఎర్త్‌కు కలపాలి. కొత్తింటికి వేరే ఎర్త్ గుంత తప్పనిసరి. ఆ ఎర్త్‌ను పాతింటి ఎర్త్‌తో కేబుల్ వెంబడే ఒక ఎనిమిది నంబరు జీఐ తీగ వేసి కలిపించండి. ఎండాకాలం నేల ఎండిపోతే ఎర్త్ బలహీనపడుతుంది, వారానికి ఒకసారైనా గుంతలో రెండు బిందెలు నీళ్లు పోయండి.

అల్యూమినియంతో ఒక్కటే చిక్కు, అది కీళ్ల దగ్గర. గాలి తగిలితే దాని మీద కరెంటును అడ్డుకునే సన్నటి పొర పట్టేస్తుంది. వేడికి రాగి కంటే ఎక్కువ వ్యాకోచిస్తుంది, చల్లారాక స్క్రూ కింద వదులవుతుంది. వదులైన చోట నిప్పురవ్వలు, నిప్పురవ్వల వల్ల ఇంకా వేడి. నేను చూసిన కాలిన మీటరు బోర్డుల్లో ఎక్కువ వాటికి మూలం ఇదే: అల్యూమినియం తీగను రాగి తీగతో మెలితిప్పి, నల్ల టేపు చుట్టి వదిలేయడం. మీ కేబుల్ చివర్లకు లగ్గులు (తీగ కొసకు తొడిగే లోహపు తొడుగులు) పెట్టించండి. సుత్తితో కొట్టి అతికించే లగ్గులు కాదు, క్రింపింగ్ టూల్‌తో నొక్కినవి. రాగి కలిసే చోట ఒక వైపు అల్యూమినియం, ఇంకో వైపు రాగి ఉన్న బైమెటాలిక్ లగ్గు ఉండాలి. తీగను గీకి, దానికి పూసే పేస్టు రాసి వెంటనే నొక్కాలి. పని అయ్యాక ఒక నెలకు వైర్‌మన్‌ను మళ్లీ పిలిచి, మెయిన్ ఆపి, స్క్రూలన్నీ ఇంకో చుట్టు బిగించమనండి. ఆ సంగతి ముందే మాట్లాడుకుని కూలీలో కలిపేయండి, లేకపోతే రాడు.

ఇంటి లోపల గురించి మీరు అడగలేదు కానీ, ఒక్క మాట. లైట్లకు, ఫ్యాన్లకు 1.5 కాపర్ మీద 6 లేక 10 ఆంపియర్ల ఎంసీబీ. పెద్ద సాకెట్లకు 2.5 మీద 16. ఏసీకి విడిగా 4 ఎంఎం లైను, 20 ఎంసీబీ. 2 కిలోవాట్ల గీజరుకు 2.5 సరిపోతుంది కానీ లైను దానికొక్కదానికే ఉండాలి. 

ఆ లోపలి వైరు కొనేటప్పుడు మాత్రం కళ్లు తెరుచుకుని కొనండి. సంతలో, చిన్న షాపుల్లో చవగ్గా దొరికే కాయిల్స్‌లో రాగి పూత పూసిన అల్యూమినియం వస్తోంది. ఒక పోగు తీసి బ్లేడుతో గీకండి. లోపల తెల్లగా మెరిస్తే అది రాగి కాదు. అసలు రాగి ఎంత గీకినా ఎర్రగానే ఉంటుంది. పోగులు కూడా లెక్కపెట్టొచ్చు. 0.3 మిల్లీమీటర్ల పోగులతో చేసిన వైరు అయితే 1.5కు 22, 2.5కు 36, 4కు 56 ఉండాలి. పోగు మందం వేరే ఉంటే లెక్క మారుతుంది, అది డబ్బా మీద రాసి ఉంటుంది. ఒకసారి నా ముందే ఒక కాయిల్ విప్పితే 2.5 అని ముద్ర ఉన్న వైరులో 0.3 పోగులు ఇరవై తొమ్మిదే వచ్చాయి. అంటే రెండు ఎంఎం వైరుకు రెండున్నర డబ్బులు. వైరు పొడవునా ఐఎస్ 694 అనే అంకె, ఐఎస్ఐ గుర్తు, సీఎం/ఎల్ అనే లైసెన్స్ నంబరు అచ్చయి ఉంటాయి. ఫోన్లో బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొడితే అది ఎవరి పేరు మీద ఉందో చూపిస్తుంది. షాపులోనే నిలబడి చూడండి, మొహమాటపడకండి.

ఇవన్నీ కొనేముందు చేయాల్సిన పరీక్ష ఒకటుంది. మీ వైర్‌మన్‌ను సాయంత్రం, మోటారు, ఏసీ రెండూ నడిచే వేళకు రమ్మనండి. మల్టీమీటరుతో ముందు మీటరు దగ్గర వోల్టేజి చూడాలి, వెంటనే కొత్తింటి బోర్డులో చూడాలి. మీటరు దగ్గర 220, మీ ఇంట్లో 200 వస్తే తప్పు మీ లైనుది, పైన చెప్పిన కేబుల్‌తో తీరిపోతుంది. మీటరు దగ్గరే 190 ఉంటే మాత్రం మీరు బంగారు తీగ వేసినా లాభం లేదు. అది స్తంభం నుంచి వచ్చే సర్వీసు వైరుదో, ట్రాన్స్‌ఫార్మర్‌దో సమస్య. అప్పుడు ఆ అంకె, తేదీ, టైము ఒక కాగితం మీద రాసి మహావితరణ్ (మహారాష్ట్ర కరెంటు కంపెనీ) ఆఫీసులో రాతపూర్వకంగా ఇవ్వండి, నకలు మీద ముద్ర వేయించుకోండి. ఒక్క మోటారు వేసినప్పుడే మీటరు దగ్గర కూడా బాగా పడిపోతోందంటే, సర్వీసు వైరు సన్నదో, స్తంభం మీద జాయింటు వదులైందో అయి ఉండొచ్చు. ఆ పరీక్ష మీరు చేయకండి. మెయిన్ ఆపినా మీటరు వరకు కరెంటు ఉంటుంది.

బిల్లు సంగతి కూడా వదిలేయడానికి లేదు. మరాఠీ బిల్లులో మంజూర్ భార్ అని ఉన్న చోట 1 కిలోవాట్ ఉందన్నారు. అంటే మీరు నాలుగైదు ఆంపియర్లు వాడుకుంటారని కంపెనీ లెక్క. మీ ఒక్క ఏసీయే దాన్ని దాటేసింది. స్తంభం నుంచి మీటరు వరకు ఉన్న సర్వీసు వైరును ఆ లోడుకే వేసి ఉంటారు. మీరు మీటరు ఇవతల 16 వేసుకున్నా అవతల పాత సన్నటి వైరే ఉంటే, కాలేది అదే. మంజూరు లోడు పెంచమని దరఖాస్తు పెట్టండి. రెండు ఏసీలు, మోటారు, ఇంట్లో మిగతావన్నీ కలిపితే 7 కిలోవాట్ల దగ్గరికి వస్తారు. లైసెన్స్ ఉన్న ఎలక్ట్రికల్ కాంట్రాక్టర్ ఇచ్చే టెస్ట్ రిపోర్టు జతచేయాలి. కాబట్టి కేబుల్ పని కూడా ఆయన చేతే చేయించుకుంటే రెండు పనులూ ఒకే చేత్తో అవుతాయి. సిరోంచలో దొరకకపోతే అహేరిలో అడిగి చూడండి. నది దాటి మంచిర్యాల నుంచి బంధువులను పిలిపించి చేయించుకోవడం మన దగ్గర మామూలే. పని వాళ్ల చేత చేయించుకోండి, కానీ ఇక్కడి రిపోర్టు మీద సంతకం మహారాష్ట్ర లైసెన్స్ ఉన్నవాళ్లదే కావాలి. సర్వీసు వైరు, మీటరు కంపెనీవి. సీలు తెంపి వాటిని మార్చే పని ఎవరు చేస్తామన్నా ఒప్పుకోకండి.

మీ ఊరి వైర్‌మన్‌తో ఈ విషయం మీద గొడవ పెట్టుకోవద్దు. రాత్రి పూట లైటు పోతే పరుగెత్తుకొచ్చేది ఆయనే. 40 మీటర్లు అనే మాట ముందు పెట్టి, ఈ వోల్టుల లెక్క చూపించండి. మోటారు లైను, స్టార్టరు మార్చే పని కూడా ఉంది కాబట్టి ఆయనకూ చేతినిండా పనే.

ఇక పాత 4 ఎంఎం వైరు. తీసేశాక రెండు చివర్లా ఒక్కో మీటరు కోసి పారేయండి, బాగా వేడెక్కింది అక్కడే. మిగిలిన వైరును మధ్యలో నాలుగైదు చోట్ల చేతి వేళ్ల చుట్టూ వంచి చూడండి. తొడుగు పగుళ్లిచ్చినా, ఎండకు తెల్లబడి బిరుసెక్కినా పాత సామాన్లవాడికి ఇచ్చేయండి. మెత్తగా వంగితే కొట్టంలో రెండు లైట్లకు, ఒక ఫ్యానుకు వాడుకోవచ్చు. కానీ మొదట్లో 6 ఆంపియర్ల ఎంసీబీ, ఆర్‌సీసీబీ ఉండాలి, గేదె మెడ ఎత్తినా అందనంత ఎత్తులో పైపులో పోవాలి. గడ్డి కోసే మిషన్ మాత్రం దాని మీద పెట్టకండి.